చేవ్రాలు పెట్టినవారు

గుడిబండ శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటకపు సరిహద్దున నున్న మండల కేంద్రము. మడకశిర, రొళ్ల, అగళి మొదలైన పొరుగు సీమలందు వలెనే అచ్చటను తెలుగును కన్నడమును కలిసి వినబడుచుండును. అచ్చట ఒక కాగితముపై ఒకడు తన పేరు వ్రాసినచో తెలుగువారు దానిని ‘సంతకము’ అందురు. కన్నడము మాటలాడువారు ‘సహి’ అనియు, ‘రుజు’ అనియు అందురు. తెలుగులో ‘రుజువు’ అనగా నిదర్శనము. ఒక భాషలో నిదర్శన మను నర్థము గల మాటయే పొరుగు భాషలో సంతకమునకు పేరైనది. మనిషి ఒకమాట యిచ్చినాడనుటకు అతని చేతి వ్రాతకంటె మించిన నిదర్శన మేమున్నది?

పూర్వము గ్రామములలో ఒక పొలమును కౌలున కిచ్చినను, కుదువ పెట్టినను, అమ్మినను కరణము ఇంటి అరుగుమీద పత్రము వ్రాయబడుచుండెను. ‘కౌలు’ అను పదము అరబ్బీ భాషనుండి వచ్చినది. దాని మూలార్థము ‘మాట’. నోటిమాట నిలుచునో నిలువదో యను శంకచేతనే దానిని కాగితము మీదికి తెచ్చిరి. ఆ పత్రము చివర పలువురి పేర్లు కనబడును. వ్రాసి యిచ్చినవాడు ఒకడు, వ్రాయించుకొన్నవాడు మరియొకడు, చూచినవారు సాక్షులు, కలము పట్టి వ్రాసినవాడు కరణము. అందరును చేవ్రాలు పెట్టినవారే. కాని అందరి చేవ్రాళ్ల బరువు ఒక్కటి కాదు. రేపు పొలమునుగూర్చి తగవు వచ్చినచో సాక్షి తాను చూచినది చెప్పి ఊరకుండును. కరణము తాను వ్రాసితినని చెప్పి ఊరకుండును. ఆ పత్రమునకు కట్టుబడవలసినవారు మాత్రము ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును. ఈ భేదమును గుర్తించినవారికి ఈ పాఠములో చెప్పబోవు పదము సులభముగా తెలియును.

చేవ్రాలు అచ్చతెలుగు పదము. ‘చే’ యనగా చేయి. ‘వ్రాలు’ అనగా వ్రాత. సంస్కృతమున దీనినే హస్తాక్షర మందురు. హస్తము చేయి, అక్షరము వ్రాత. పాత దస్తావేజులలో కనబడు ‘దస్కతు’ పారసీకమునుండి వచ్చినది. ఆ భాషలో ‘దస్త్’ అనగా చేయి, ‘ఖత్’ అనగా వ్రాత. మూడు భాషలు వేరు. మాట కట్టిన తీరు మాత్రము ఒక్కటే. పేరును వ్రాయునది చేయి గనుక, ఆ చేయి యెవరిది యనునదే ముఖ్యమని మూడు భాషలవారును తలచిరి. చదువు రానివారు గీత గీసియో, గుర్తు పెట్టియో, వ్రేలిముద్ర వేసియో తమ సమ్మతిని తెలిపిరి. ఆ గుర్తును ‘నిశానీ’ యనిరి. రాజులు తమ ముద్రను ఒత్తిరి. గీతయైనను, ముద్రయైనను, అందమైన అక్షరములైనను దాని పని యొక్కటే: ‘ఇందుకు నేను కట్టుబడితిని’ అని చెప్పుట.

హక్కు గలవాడు హక్కుదారు. వాటా గలవాడు వాటాదారు. అట్లే ఒడంబడికపై సంతకము చేసిన వ్యక్తిని గాని, రాజ్యమును గాని ‘సంతకందారు’ అని వ్యవహరించుచున్నారు. పైకి చూచుటకు ఇది చిన్న పదము. అయినను దీనిలో రెండు ప్రశ్నలు దాగియున్నవి. సంతకము చేసిన చేయి యెవరిది? ఆ సంతకమునకు కట్టుబడువా రెవరు? పొలము పత్రములో ఈ రెండింటికిని ఒకే సమాధానము వచ్చును. రాజ్యముల మధ్య జరుగు సంధిలో అట్లు కాదు. అచ్చట సంతకము చేయువాడు ఒకడు. కట్టుబడువారు లక్షలకొలది జనులు.

‘సంధి’ అనగా కలయిక. వ్యాకరణములో రెండు స్వరములు కలియుటను సంధి యందురు. రాజనీతిలో ఇరువురు రాజులు కలియుటను సంధి యందురు. అట్టి కలయికకై రాజు తానే బయలుదేరి పోవుట అరుదు. దూతను పంపును. ఆ దూత యెంతవరకు మాట యియ్యగలడు? ఈ విషయమును కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో నిర్ణయించినాడు. ఆయన దూతలను మూడు తెగలుగా విభజించెను. సర్వాధికారములతో పోయి తన బుద్ధిచొప్పున కార్యమును ముగించుకొని రాగలవాడు నిసృష్టార్థుడు. నియమితమైన పనికి మాత్రమే అధికారము గలవాడు పరిమితార్థుడు. రాజు వ్రాసియిచ్చిన లేఖను మోసికొనిపోవువాడు శాసనహరుడు. నేటి రాజ్యములును సంధికై ప్రతినిధిని పంపునపుడు అతనికి అధికార పత్రమును ఇచ్చియే పంపుచున్నవి. ఆ పత్రము లేనివాడు సంతకము చేసినచో అది అతని సొంత వ్రాతయే యగును గాని రాజ్యము మాట కానేరదు.

ఈ పదముయొక్క బరువును తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. గుడిబండ, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఉన్న సీమ చరిత్రమే దానిని చెప్పగలదు.

1799 మే నెలలో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను మరణించెను. అతని రాజ్యమును ఈస్టిండియా కంపెనీయు, హైదరాబాదు నిజామును పంచుకొనిరి. మిగిలిన మైసూరు రాజ్యమునకు పూర్వపు ఒడయరుల వంశమునుండి మూడవ కృష్ణరాజ ఒడయరును రాజును చేసిరి. అప్పటికి ఆ బాలునికి అయిదేండ్లు నిండలేదు. జూలై 8వ తేదీన కంపెనీకిని మైసూరునకును జరిగిన సంధిపై ఆ బాలుని పక్షమున మహారాణి లక్ష్మమ్మణ్ణియు, మంత్రి పూర్ణయ్యయు సంతకములు చేసిరి. రాజ్యము బాలునిది, చేతులు పెద్దలవి. అయినను ఆ సంధికి కట్టుబడినది మైసూరు రాజ్యమే. సంతకము చేసిన చేయి వేరు, కట్టుబడినవారు వేరు అనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకుట కష్టము.

మరుసటి సంవత్సరము హైదరాబాదులో మరియొక సంధి జరిగెను. నిజాము అలీఖాను తన రక్షణకై కంపెనీ సైన్యమును ఉంచుకొన నంగీకరించెను. అంతకు పూర్వ మున్న సైన్యమును పెంచి, ఎనిమిది కాల్బలపు పటాలములను, రెండు ఆశ్విక పటాలములను నిలుపునట్లు నిశ్చయమైనది. ఆ సైన్యపు ఖర్చునకు ఏటేట ధనము చెల్లించుటకు మారుగా, 1792లోను 1799లోను మైసూరునుండి తనకు లభించిన భూములలో తుంగభద్రకు దక్షిణమున నున్న వానిని శాశ్వతముగా కంపెనీకి ఇచ్చివేయుటకు నిజాము ఒప్పుకొనెను. 1800 అక్టోబరు 12వ తేదీన ఆ సంధి జరిగినది. కంపెనీ పక్షమున చేవ్రాలు పెట్టినవాడు హైదరాబాదులోని రెసిడెంటు కెప్టెన్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. అతనికి ఆ యధికారమును ఇచ్చినవాడు కలకత్తాలోని గవర్నరు జనరలు వెల్లస్లీ. రెండవ పక్షమున నిజాము అలీఖాను.

ఆ చేవ్రాళ్లతో నేటి బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, కర్నూలు ప్రాంతములో కొంత భాగమును కంపెనీ వశమయ్యెను. మడకశిర సీమతోపాటు గుడిబండయు అందులో చేరినది. ఆ సంధిపత్రమునకు రెండే పక్షములు. పంట పండించువారు, చెరువులు త్రవ్వినవారు, మగ్గములు నేసినవారు, కోటలలోని పాలెగాండ్రు, వీరిలో ఏ యొక్కరును అందు పక్షము కారు. ఉన్న ఊరిలో ఉన్నవా రున్నట్లే ఉండగా వారి పాలకుడు మారిపోయెను. నిజాము దానముగా ఇచ్చినవి యను నర్థమున ఆ సీమలకు ‘దత్తమండలములు’ అను పేరు వచ్చెను. ఉత్వసంధిలో పూర్వస్వరము లోపించినట్లు, ఈ రాజకీయ సంధిలో ఆ ప్రాంతముల పూర్వనామములే లోపించెను.

దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చి 1807 వరకు ఉండెను. ఆయన కాలమున భూములను కొలిపించి, ప్రతి రైతుతోను విడివిడిగా పన్ను నిర్ణయించు రైతువారీ పద్ధతిని బలపరచిరి. ఆ పద్ధతిలో సర్కారు రైతునకు పట్టా ఇచ్చును. రైతు పన్ను చెల్లింతునని సర్కారునకు ముచ్చిలిక వ్రాసియిచ్చును. సీమ చేతులు మారినపుడు రైతు చేవ్రాలును ఎవరును అడుగలేదు. పన్ను చెల్లింపవలసి వచ్చినపుడు మాత్రము అతని చేవ్రాలు కావలసి వచ్చెను.

సంతకము జరిగిన వెంటనే సంధి అమలులోనికి వచ్చునా? రాదు. ప్రతినిధి దూరదేశమున సంతకము చేసి వచ్చిన పిదప, అతనిని పంపిన ప్రభుత్వము దానిని మరల పరిశీలించి ఆమోదించుట ఆచారము. దీనిని ధ్రువీకరణ మందురు. కిర్క్‌పాట్రిక్ చేసిన సంధికి సైతము గవర్నరు జనరలు ఆమోదము కావలసియుండెను. ఈ కారణముచేతనే అంతర్జాతీయ న్యాయశాస్త్రజ్ఞులు సంతకము చేసిన రాజ్యమునకును, ధ్రువీకరించిన రాజ్యమునకును భేదము చెప్పుదురు. సంతకము చేసినది సంతకందారు. ధ్రువీకరించి పూర్తిగా కట్టుబడినది ఆ సంధికి ‘పక్షము’. సంతకందారు లందరును పక్షములు కాకపోవచ్చును.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత 1919 జూన్ 28వ తేదీన వర్సేల్సు నగరమున సంధి జరిగెను. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ స్వయముగా పోయి దానిపై సంతకము చేసెను. కాని ఆ దేశపు రాజ్యాంగము ప్రకారము సంధికి సెనేటు సభలో మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. సెనేటు సమ్మతింపలేదు. అధ్యక్షుని చేవ్రాలు కాగితముపై నిలిచియుండగనే అమెరికా ఆ సంధికి పక్షము కాక వెలుపల నిలిచిపోయెను. విల్సన్ తానే ముందుండి నెలకొల్పించిన నానాజాతి సమితిలో ఆయన దేశము చేరలేదు. దీనికి భిన్నముగా వాతావరణ రక్షణకై కుదిరిన పారిస్ ఒడంబడికపై భారతదేశము 2016 ఏప్రిల్ 22వ తేదీన సంతకము చేసి, అదే సంవత్సరము గాంధీజీ జయంతినాడు, అక్టోబరు 2వ తేదీన, ధ్రువీకరణమును సమర్పించెను. ఏప్రిల్ నెలలో భారతదేశము సంతకందారు. ధ్రువీకరణము పిదప నవంబరులో ఆ ఒడంబడిక అమలులోనికి రాగా అది పక్షమయ్యెను. సంతకము చేయకుండుట సైతము ఒక నిర్ణయమే. అణ్వస్త్రముల వ్యాప్తిని నిరోధించు 1968 నాటి ఒడంబడిక కొన్ని దేశములకు ఒక న్యాయమును, తక్కిన దేశములకు వేరొక న్యాయమును విధించుచున్నదని భారతదేశము దానిపై సంతకము చేయలేదు. సంతకము చేయనివానిని ఆ పత్రము కట్టివేయజాలదు.

ఇంకొక చిత్రమైన సందర్భము కలదు. రెండవ ప్రపంచయుద్ధము చివర, 1945 జూన్ 26వ తేదీన, ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 50 దేశముల ప్రతినిధులు సంతకములు చేసిరి. భారతదేశము పక్షమున సంతకము చేసినవారిలో ఆర్కాటు రామస్వామి మొదలియారు ఒకరు. ఆయన 1887లో కర్నూలులో జన్మించినవాడు. సంతకము చేసిన చేయి భారతీయుని చేయియే. కాని నాడు దేశము ఆంగ్లేయుల పాలనలో నుండెను. ఆయనను పంపినది ఆ ప్రభుత్వమే. ఆయన చేయి ఎవరి మాట పలికినది? రెండేండ్లకు స్వాతంత్ర్యము వచ్చినపుడు భారతదేశము ఆ సంతకమును త్రోసిపుచ్చలేదు. తనదిగా స్వీకరించి సమితిలో సభ్యదేశముగనే కొనసాగెను. పరప్రభుత్వము చేయించిన సంతకమును స్వతంత్ర ప్రజలు తమదిగా చేసికొనిరి.

ఒడంబడికలు రాజ్యముల నడుమనే గాక, ఒకే జాతిలోని ప్రాంతముల నడుమను జరుగవచ్చును. దత్తమండలముల వారికి అట్టి యవసరము ఇరువదవ శతాబ్దములో కలిగెను. అప్పటికి ఆ పేరు వారికి బరువైపోయినది. 1916లో అనంతపురమున స్థాపింపబడిన కళాశాలకు సైతము దత్తమండల కళాశాల యనియే పేరు. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన నేల యని నిత్యము జ్ఞాపకము చేయు పేరు అది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ యను నామము స్వీకరింపబడెను. విజయనగర రాయల పాలనను, వారికి రెండవ రాజధానియైన పెనుకొండను స్మరింపజేయు పేరు అది. తమ పేరును తామే పెట్టుకొన్నవారు, తమ భవిష్యత్తును గూర్చిన పత్రముపై చేవ్రాలును సైతము తామే పెట్టదలచిరి.

ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను ఆందోళనము అప్పుడు సాగుచుండెను. రాయలసీమవారికి కోరిక యున్నను శంకయు ఉండెను. కోస్తా జిల్లాలలో కాలువలు, కళాశాలలు ముందుగా వచ్చినవి. కరవు సీమ వారితో కలిసినచో తన పాలు తనకు దక్కునా? ఈ శంకను తీర్చుటకై ఇరుప్రాంతముల నాయకులును 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణములో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన ‘శ్రీబాగ్’లో కూడి ఒక ఒడంబడిక చేసికొనిరి. ఆ యింటి పేరే దానికి నిలిచినది. చేవ్రాలు పెట్టినవారిలో కోస్తా ప్రాంతమువారైన భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్యలును, రాయలసీమవారైన కడప కోటిరెడ్డి, పప్పూరి రామాచార్యులు, కల్లూరు సుబ్బారావులును ఉన్నారు. వీరిలో కల్లూరు సుబ్బారావు హిందూపురము తాలూకాలోని కల్లూరు గ్రామమున 1897లో జన్మించినవాడు. 1800 నాటి పత్రములో కనబడని పెన్నాతీరపు సీమవాని చేవ్రాలు 137 సంవత్సరముల పిదప ఈ పత్రములో కనబడెను.

ఆ ఒడంబడికలో ప్రధానమైన విషయములు నాలుగు. విద్య కొరకు అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటిని వాడుకొనుటలో పదేండ్లవరకు రాయలసీమకు ప్రాధాన్య మియ్యవలెను. శాసనసభా స్థానములను విస్తీర్ణమును బట్టి పంచవలెను. రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతములలో నుండవలెను. అందు ఏది కావలెనో కోరుకొను హక్కు మొదట రాయలసీమదే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు రాజధాని కర్నూలులోను, 1954లో హైకోర్టు గుంటూరులోను నెలకొన్నవి. ఆ విషయమున మాట నిలిచినది. అయితే 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా రెండును హైదరాబాదునకు తరలిపోయినవి. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడుటకు 1981 వరకు వేచియుండవలసి వచ్చెను. నీటినిగూర్చిన వాదములు నేటికిని ముగియలేదు. శ్రీబాగ్ ఒడంబడిక చట్టము కాదని కొందరు చెప్పుదురు. ఆ మాట నిజమే. అది శాసనసభ చేసిన చట్టము కాదు, రాజ్యముల మధ్య జరిగిన సంధియు కాదు. పెద్దలు పెద్దలకు ఇచ్చిన మాట. అయినను నీటి ప్రస్తావన గాని, రాజధాని ప్రస్తావన గాని వచ్చిన ప్రతి పర్యాయమును రాయలసీమవారు ఆ పత్రమునే స్మరించుచున్నారు. న్యాయస్థానము అమలు జరుపజాలని పత్రమును ప్రజల జ్ఞాపకము విడువలేదు. సంతకము చేసినవారు గతించినను సంతకము గతింపలేదు.

కాబట్టి ‘సంతకందారు’ అను పదమును వాడునపుడు విద్యార్థులు మూడు విషయములను గుర్తుంచుకొనవలెను. సాక్షియు, పత్రము వ్రాసినవాడును సంతకము చేసినను ఒడంబడికకు కట్టుబడు సంతకందారులు కారు. సంతకందారు ధ్రువీకరించిన తరువాతనే పూర్తిగా పక్షమగును. అన్నింటికంటె ముఖ్యమైనది, సంతకందారు చేయి అతని యొక్కనిది మాత్రమే కాదు. పత్రముపై కనబడు పేరు ఒకటి. దాని వెనుక కనబడనివి వేలకొలది పేర్లు. వారిని అడిగి పెట్టిన చేవ్రాలు ఒడంబడిక యగును. అడుగక పెట్టిన చేవ్రాలు వారిని ఒక సొత్తుగా మార్చి చేతులు మార్చును. ఈ సీమ ఆ రెండింటిని చూచినది.

నేటి బాలబాలికలు రేపు బ్యాంకులోనో, పంచాయతీ కార్యాలయమందో, మరింత పెద్దసభలోనో తమ పేరు వ్రాయవలసినవారే. గుడిబండ బడిలో నేర్చిన ఆ అక్షరములు వారి చేతినుండి వెలువడునపుడు, ఆ కాగితములో ఏమి యున్నదో చదివి, ఎవరి పక్షమున వ్రాయుచున్నారో తలచి, ఆ పిదపనే కలము నానించుట మేలు.